మూడు నిమిషాలు, నాలుగొందల కేబీ

ముఖం నిండా సబ్బు నురగ పూయించుకుని, మెడ వెనక్కి వాల్చి, హాయిగా కళ్లు మూసుకున్న మనిషి మళ్లీ వాటిని తెరవలేదు. పట్టపగలు పదకొండు గంటలకి, వీధిలో జనం వస్తూ పోతూ ఉండగానే, సెలూన్ కుర్చీలో అతని గొంతు తెగిపోయింది. గడ్డం గీస్తున్నవాడు అసలు ఆ సెలూన్ వాడే కాదు. అసలువాడు వెనక గదిలో నోట్లో తువ్వాలు కుక్కించుకుని గిలగిల్లాడుతున్నాడు. వచ్చినవాడు కత్తి కడిగి, తుడిచి, ఏప్రాన్ కొక్కేనికి తగిలించి, తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్లాడు. పనిమంతుడే!

పోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్. మామూలు దొంగలైతే పర్సు పట్టుకుపోతారు. వీళ్లు పర్సు ముట్టుకోలేదు సరికదా, ఎదురు ఓ వస్తువు ఇచ్చి పోయారు. చొక్కా జేబులో గోరంత మెమొరీ కార్డు. అందులో ఒకటే ఫైలు, మూడు నిమిషాల వీడియో.

మధ్యాహ్నం రెండింటికి బ్రీఫింగ్ రూములో కర్టెన్లు దించారు.

"బావ వచ్చాడా?" అన్నాడు పెద్దాయన.

పెద్దాయనంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. బావ అంటే ఏజెంట్ నంబర్ పదిహేడు. ఆ అంకె అందరూ ఎప్పుడో మర్చిపోయారు. రెండేళ్ల కిందట అతని బావమరిది అదే ఆఫీసులో రహస్య లిపి చూసే సైఫర్ సెక్షన్‌లో గుమాస్తాగా చేరి, మొదటిరోజే కారిడార్ దద్దరిల్లేలా "బావా!" అని కేకేశాడు. అంతే, సాయంత్రానికల్లా కాంటీన్ కుక్కుతో సహా అందరికీ అతను బావే అయిపోయాడు. అతనికన్నా పదిహేనేళ్లు పెద్దయిన చీఫ్ కూడా అలాగే పిలుస్తాడు.

ఆ బావమరిది రెండ్రోజుల నుంచి కనబడటం లేదు. ఇప్పుడు తెర మీద కనబడ్డాడు.

కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్లకి నల్లగుడ్డ. రెండు చేతుల్లో ఆ రోజు న్యూస్‌పేపరు, ముక్కుదాకా ఎత్తి పట్టుకుని ఉంది. నోరు, ఛాతీ అన్నీ పేపరు వెనకే. గొంతు మాత్రం స్పష్టంగా వినబడుతోంది. "బావా... నేను బాగానే ఉన్నా. అక్కకి చెప్పు. వీళ్లడిగింది ఇచ్చెయ్ బావా..." తరవాత ఓ పరాయి గొంతు. విదేశాల్లో పనిచేస్తున్న పదకొండు మంది ఏజెంట్ల ఫోటోలు, ఒరిజినల్స్, రేపు నాలుగింటికి. లేకపోతే కుర్రాడు ముక్కలుగా వస్తాడు.

తెర కుడి మూల చిన్న గడియారం సెకన్లు లెక్కపెడుతూ పోయింది. అది శత్రువులు పెట్టింది కాదు. బయటి నుంచి ఏ వీడియో వచ్చినా రికార్డ్స్ సెక్షన్ దాన్ని ఆఫీసు ఫార్మాట్‌లోకి మార్చి, మూలన టైము ముద్ర వేసి, అప్పుడే పైవాళ్లకి చూపించాలని సర్క్యులర్ నలభైమూడు. అలా మార్చిన ఫైలు ఎప్పుడూ బొద్దుగా తొంభై ఎంబీ తూగుతుంది. అసలు ఫైలు బీరువాలోకి పోతుంది, దాని ముఖం మళ్లీ ఎవరూ చూడరు.

"వాడే సార్" అన్నాడు బావ.

"తెలుసు. ఎక్స్‌చేంజ్ అంతా గ్యాలరీలోనే. మధ్యలో మన మేడమ్ ఉంటుంది."

పెయింటింగుల గ్యాలరీ నడిపే మేడమ్ ఆరేళ్లుగా డిపార్ట్‌మెంట్ జీతం తింటోంది. ఆవిడ ఒక్కసారి జుట్టు సర్దుకుంటే ఆర్నెల్ల రహస్యాలు రాయబారుల నోట్లోంచి జారిపడేవి. శత్రువుల దగ్గర కూడా జీతం తింటోందని ఎవరో అన్నారు గానీ, అన్నవాడు ఆ నెలలోనే కారు కింద పడ్డాడు.

"ఆవిడ వాణ్ణి చూసిందా?"

"ఈ పొద్దున్నే చూసిందట. బతికే ఉన్నాడంది." పెద్దాయన ఓ సీల్డ్ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. "డమ్మీ లిస్టు. పదకొండు మంది నాటకాల వాళ్ల ముఖాలు. ఇచ్చెయ్, కుర్రాణ్ణి తెచ్చుకో. ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

"డమ్మీ అని తెలిస్తే?"

"తెలిసేలోపు బయటుంటారు. వెళ్లు."

బావకి బయటి వేషం ఫోటో స్టూడియో. 'పాస్‌పోర్ట్ ఫోటోలు పది నిమిషాల్లో' అని బోర్డు. దేశం దాటే ప్రతి ఏజెంటూ ముందు ఆ స్టూల్ మీద కూర్చోవాల్సిందే. నిజం చెప్పాలంటే ఆ పదకొండు మందినీ తీసింది అతనే. తీసిన రోజే చెరిపెయ్యాలని రూలు. అతను చెరపలేదు. కెమెరా లెన్సు చూసిందంతా చూసినట్టు దాచుకున్న రా ఫైలు, ఒక్కోటీ అరవై ఎంబీకి పైనే. దాన్ని చెరపడమంటే ఫోటోగ్రాఫర్‌కి కడుపున పుట్టినవాణ్ణి కాదనుకున్నట్టు. జేపెగ్ చేసి ఇచ్చేది కస్టమర్‌కి, కంటికి ఆననివన్నీ పారేసి తేలిక చేసినది. రా మాత్రం తనకి.

"నీ స్టూడియోలో దిగినవాళ్లంతా అప్పుడే లోకం విడిచినట్టుంటారు బావా" అని నవ్వేవాడు బావమరిది. "ఒక్కణ్ణైనా నవ్వనివ్వొచ్చుగా!"

సాయంత్రం ఐదింటికి ఆ స్టూల్ మీద మేడమ్ వచ్చి కూర్చుంది. గంధం రంగు చీర, ముత్యాలు, కళ్లజోడు తీసే తీరులోనే ఓ దర్జా.

"పాస్‌పోర్ట్ ఫోటో. నవ్వొచ్చా?"

"కూడదు మేడమ్."

"మంచిదే, నేను చెప్పేది నవ్వే విషయం కాదు." పెదాలు కదిలీ కదలనట్టు మాట్లాడింది. "మీ పెద్దాయన డమ్మీ ఇస్తాడని నాకు తెలుసు. వాళ్ల దగ్గర ఆ పదకొండులో ఒకరి ముఖం ముందే ఉంది. పోల్చి చూస్తారు. పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాల తర్వాత మీవాడి వేళ్లతో మొదలెడతారు."

ఫ్లాష్ వెలిగింది. ఆవిడ రెప్ప వెయ్యలేదు.

"నాకెందుకు చెబుతున్నారు?"

"ఆ అబ్బాయి పొద్దున నన్ను చూసి 'అక్కా' అన్నాడండీ. మనసు ఊరుకోలేదు." పమిట సర్దుకుని లేచింది. "కాపీలు నాలుగు చాలు."

ఇంటికి వెళితే భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. తల్లి పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్లు, ఆవిడకి పన్నెండు. స్నానం చేయించింది, పలక దిద్దించింది, పెళ్లిచూపుల్లో కూడా పక్కన కూర్చోబెట్టుకుంది.

"వాణ్ణి ఆ ఆఫీసులో వేయించింది మీరు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "వద్దని మొత్తుకున్నా వినలేదు. రేపు వాడితో కలిసి రండి. ఒక్కరే వచ్చేట్టయితే తాళంచెవి గుమ్మంలో పడేసి అట్నుంచి అటే పొండి."

బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడని సామెత. ఆ బావమరిది బతుకు కోరడం ఇప్పుడు బావ వంతయింది. పొద్దున్నే స్టూడియో తెరిచి, షట్టర్ సగానికి దించి, పాత హార్డ్‌డిస్క్ బయటికి తీశాడు. పదకొండు ముఖాలు. ఒకడి చెవి కింద మచ్చ. ఒకావిడ ఫోటో దిగేటప్పుడు తుమ్మొచ్చి మూడుసార్లు తీయాల్సి వచ్చింది. ఒకడు కూతురికి చూపిస్తానని ఓ కాపీ ఎక్కువ అడిగి, రూలు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. అందరినీ ఒక్క కట్టగా కట్టి సీలు వేశాడు, ఏడొందల ఎంబీ అయింది. వాళ్లందరికీ పెళ్లాం బిడ్డలున్నారని అతనికి తెలుసు. తెలిసే చేశాడు. ఆ పాపానికి పేరు పెట్టుకోవడానికి కూడా ధైర్యం చాలక, పెద్దాయన ఇచ్చిన డమ్మీని సొరుగులో పడేసి, అసలుది జేబులో వేసుకున్నాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు గ్యాలరీ వెనక తలుపు దగ్గరికి పటాలు కట్టేవాడొకడు వచ్చాడు. నెరిసిన విగ్గు, గుబురు మీసం, జిగురు మరకల ఏప్రాన్, భుజాన పనిముట్ల సంచి. సంచిలో తీగచుట్ట, మేకులు, అద్దం కోసే పెన్సిలు, ఓ కొలత టేపు. టేపు చూడ్డానికి మామూలుదే. మీట కిందికి కాకుండా పైకి నొక్కితే మాత్రం స్టూడియో ఫ్లాష్‌కి పదింతల వెలుగు కక్కుతుంది. డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్ సరుకు.

తలుపు దగ్గర కాపలావాడు దున్నలా ఉన్నాడు. "ఎంత సైజు?"

"గోడకి సరిపడా."

"అద్దం వేశారా?"

"అద్దం లేకుండానే అందం."

కోడ్ సరిపోయింది. లోపలి స్టోర్ రూములో గోడలకి ఆనించిన పటాలు, మధ్యలో పొడుగు బల్ల, బల్ల మీద నెట్ కేబుల్ తగిలించిన లాప్‌టాప్. మేడమ్ చెయ్యి చాపింది. పెన్‌డ్రైవ్ ఆ చేతిలో పెట్టేటప్పుడు బావ వేళ్లు వణికాయి. ఆవిడ ఆ వణుకు చూసి తృప్తిగా తలాడించింది.

అప్‌లోడ్ మొదలైంది. నీలం గీత నత్తలా జరుగుతోంది.

"కట్ట మొత్తం అటు చేరితేనే తెరుచుకుంటుంది" అన్నాడు బావ. "చివరి ముక్క అందకపోతే మొదటి ముక్క కూడా పనికిరాదు. మధ్యలో ఆపి నన్ను మోసం చేసే దారి పెట్టలేదు."

"అబ్బ, ఎంత జాగ్రత్తో! చేరగానే పక్క వీధిలో కారులోంచి మీవాడు దిగుతాడు. ఈలోగా చూసుకోండి, ఇవాళ పొద్దుటి వీడియో." తన ఫోన్‌లోంచి అతని ఫోన్‌కి పంపింది.

ఆ గదిలో ఫోన్ సిగ్నల్ ఒకే ఒక్క గీత. మూడు నిమిషాల వీడియో దిగేసరికి పుణ్యకాలం గడిచిపోతుందనుకున్నాడు. కంటిరెప్ప వేసేంతలో దిగింది.

బట్టల వ్యాపారి చీర కనబడితే ముందు అంచు నలిపి చూస్తాడు. ఫోటోగ్రాఫర్ ఫైలు కనబడితే ముందు సైజు చూస్తాడు. బావ చూశాడు. నిడివి మూడు నిమిషాల నాలుగు సెకన్లు. సైజు నాలుగు వందల పన్నెండు కేబీ.

ఇంకోసారి చూశాడు. అదే అంకె.

ఫోటో చిన్నది, వీడియో పెద్దది అని పసిపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడ పదకొండు ఫోటోలు ఏడొందల ఎంబీ మోస్తూ నిండు చూలాలిలా నడుస్తున్నాయి, మూడు నిమిషాల వీడియో అర ఎంబీ కూడా లేదు. వీడియో అంటే సెకనుకి ముప్పై బొమ్మలు. ముప్పైనీ ఫైలు పూర్తిగా దాచుకోదు. మొదటి బొమ్మ పూర్తిగా రాసుకుని, ఆ తర్వాత ఏది మారిందో అంతే రాసుకుంటుంది. ఊపిరికి కదిలే భుజం, వణికే పేపరు అంచు, బల్బు వెలుగులో మినుకు. బతికున్న మనిషిని మూడు నిమిషాలు తీస్తే ఎంత నొక్కినా ముప్పై ఎంబీకి తగ్గదు. ఖాళీ గోడని తీసినా ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. ఇందులో మాత్రం రాసుకోవడానికి ఏమీ లేదు. ఆ నాలుగొందల కేబీ ఒట్టి గొంతు బరువు. మిగిలింది ఒక్క ఫోటో. దాన్నే మూడు నిమిషాలు సాగదీశారు.

ప్లే నొక్కాడు. పేపరు ఇవాళ్టిదే. కాలరు మడత మాత్రం నిన్నటిదే. పేపరు మీద ఎడమ బొటనవేలు నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. నిన్న ఆఫీసులో ఈ సంగతి ఎందుకు కనబడలేదు? మూలన గడియారం పరిగెడుతుంటే తెరంతా కదులుతున్నట్టే అనిపించింది. పైగా, కదలాలని అతను కోరుకున్నాడు.

గీత డెబ్భై ఎనిమిది శాతం.

కాపలావాడు వెనకే ఉన్నాడు, చెయ్యి కోటు లోపల. బావ ముఖం మీదికి ఎక్కడలేని సంతోషం తెచ్చుకున్నాడు.

"బాగానే ఉన్నాడు" అన్నాడు. "పొద్దున మీరు చూశారా మేడమ్?"

"చూడ్డమేంటి, కాఫీ కలిపి ఇచ్చాను. కాళ్లు ఊపుతూ తాగాడు."

"వాడు కాఫీ తాగడే."

మేడమ్ లాప్‌టాప్ వైపు చూసింది. "ప్రాణం మీదికొస్తే అన్నీ తాగుతారు."

ఎనభై తొమ్మిది.

"ఒక్క మాట ఫోన్‌లో వినిపించండి. 'బావా' అంటే చాలు."

"అక్కడ ఫోన్లు ఉండవని తెలుసుగా. ఇంకెంత, రెండు నిమిషాలు."

తొంభై నాలుగు. బావ సంచిలో చెయ్యి పెట్టాడు. కాపలావాడు పిస్టల్ తీశాడు.

"టేపు" అన్నాడు బావ, చూపిస్తూ. "ఆ గోడ మీది పటం కొలుచుకుంటాను. ఉత్త చేతులతో బయటికెళితే వీధిలోవాళ్లకి అనుమానం రాదూ?"

మేడమ్ నవ్వి కానివ్వమన్నట్టు తలూపింది. తొంభై ఏడు. బావ కళ్లు గట్టిగా మూసుకుని మీట పైకి నొక్కాడు.

మూసిన రెప్పల్లోంచి కూడా ఎర్రగా మండింది. కాపలావాడు గుడ్డిగా రెండుసార్లు కాల్చాడు. ఒక గుండు సీలింగులోకి, ఒకటి ఎవరిదో నూనెచిత్రంలోకి పోయాయి. బావ గోడనున్న పటం ఎత్తి వాడి తల మీద బాదాడు, పగిలిన అద్దం పెంకు ఒకటి అందుకుని వాడి గొంతులో దించాడు. ఏప్రాన్ మొత్తం తడిసింది. వెనక్కి తిరిగేసరికి గీత తొంభై తొమ్మిది మీద ఉంది. ఒక్క దూకుతో బల్ల మీద పడి పెన్‌డ్రైవ్ పీకేశాడు.

తెర మీద అక్షరాలు వెలిగాయి. 'ఫైల్ పంపడం విఫలమైంది.'

మేడమ్ కళ్లు కనబడక బల్ల కింద పిస్టల్ కోసం తడుముకుంటోంది. బావ ఆవిడ చెయ్యి తొక్కాడు. లేవదీసి కుర్చీలో కుదేసి, పటాలు వేలాడదీసే తీగతో రెండు మణికట్లూ కలిపి కట్టాడు. తీగలోకి సుత్తి పిడి దూర్చి ఒక చుట్టు తిప్పాడు.

"ఎప్పుడు చంపారు?"

"నాకు తెలీ..."

ఇంకో చుట్టు. ముత్యాల గాజుల కింద నెత్తురు గీత తేలింది.

"మొన్న! పట్టుకొచ్చిన పూటే! గొంతు రికార్డు చేసుకున్నారు, అయిపోయాక..."

"మరి ఫోటో ఎందుకు? వీడియోనే తీసి ఉండొచ్చుగా."

కాటుక నీళ్లు కారుతున్న ఆ ముఖంలో అప్పుడు కూడా ఓ రకమైన విసుగు కనబడింది, పనివాళ్ల చేతకానితనం గురించి చెప్పేటప్పటి విసుగు.

"తియ్యబోయాం. శవం కూర్చోదు కదా. జారిపోతూనే ఉంది. మోచేతులు బిగించి కట్టి, వేళ్ల మధ్య పేపరు దూర్చి, ఇద్దరు పట్టుకుని వదిలితే ఒక్క క్షణం కదలకుండా నిలిచింది. ఫోటోకైతే క్షణం చాలు. ఇవాళ్టి పేపరు ఆ ఫోటో మీదే అతికించారు." ఊపిరి పీల్చుకుంది. "మీరు ఫోటోలవారు, మీకు తెలియంది ఏముంది."

బావ ఇంకో రెండు చుట్లు తిప్పాడు. వాటికి ప్రశ్నలేమీ లేవు. లోపల ఏదో విరిగిన చప్పుడయింది. మేడమ్ అరుపు గ్యాలరీ ముందు హాలు దాకా వెళ్లింది. అక్కడ బొమ్మలు చూస్తున్న ఒక పెద్దమనిషి, లోపల రిపేర్లు జరుగుతున్నాయి కాబోలనుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి పెద్దాయన గదిలో ఫ్యాను కింద ఇద్దరే కూర్చున్నారు. మేడమ్ విరిగిన చెయ్యితో లాకప్‌లో ఉంది. ఆవిడ చెప్పిన గోడౌన్‌లో కుర్రాడి శరీరం దొరికింది. ముఠాలో నలుగురు పట్టుబడ్డారు. అయినా పెద్దాయన ముఖం చిటపటలాడుతోంది.

"ఎందుకు ఆపావు? తొంభై తొమ్మిదిలో! ఆ డమ్మీ లోపల బగ్ పెట్టాం. అటువైపు తెరవగానే వాళ్ల హెడ్‌క్వార్టర్స్ అడ్రస్ మన తెర మీద పడేది. ఆరేళ్లుగా వెతుకుతున్న అడ్రస్."

"వీడియో బూటకమని తెలిసింది సార్. సైజు చూశాను."

"అది మాకు నిన్నే తెలుసు."

బావ తలెత్తాడు.

"రికార్డ్స్ వాడు కార్డు అందుకున్న గంటలో చెప్పాడు. మూడు నిమిషాలకి నాలుగొందల కేబీ ఏంటి సార్, ఇది ఫోటో అన్నాడు. కుర్రాడు పోయాడని అప్పుడే అర్థమైంది. బతికున్నాడు, చూశానని చెప్పిన మేడమ్ ఎవరి మనిషో కూడా అర్థమైంది." పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "నీకు చెప్పలేదు. చెప్పకూడదు. ఆవిడవి డేగకళ్లు. నీ ముఖంలో ఆశ కనబడాలి, చేతులు వణకాలి. మనిషి దుఃఖం నటిస్తాడు, కోపం నటిస్తాడు, ఆశ నటించలేడు బావా. ఇరవై ఏళ్ల సర్వీసు నీది, అర్థం చేసుకోగలవు."

"చేసుకోగలను సార్."

బావ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన విసుగ్గానే దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించాడు. మొదటి ఫోటో తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది, చెవి కింద మచ్చతో సహా. మూడోదానికి ఆయన చెయ్యి మౌస్ మీంచి జారిపోయింది.

"ఇవి... ఇవి మనవాళ్లు."

"అవును సార్. డమ్మీ ఇస్తే వాణ్ణి చంపేస్తారని మేడమ్ చెప్పింది. బతికున్నాడనే కదా నమ్మాను. మీరన్నట్టు, ఆశ నటించలేదు."

పెద్దాయన పెన్‌డ్రైవ్ పీకి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"నిన్ను ఇప్పుడే అరెస్టు చేయించాలి" అన్నాడు పెద్దాయన చివరికి, నీరసంగా.

బావ లేచి మీసం ఊడదీసి బల్ల మీద పడేశాడు. "రేపు ఆఫీసు టైములో పెట్టుకోండి సార్. వాడు ఏ బాధా పడకుండా పోయాడని మా ఆవిడకి చెప్పాలి. ఇప్పుడు ఇంటికెళ్లి నటించాలి."